నూనెగానుగ సందు తాతని నేనడిగింది

మా నూనెగానుగ సందులో నూనెగానుగ లేదు. నేను పుట్టకముందే పోయిందది. సినిమాహాలు మలుపు అంటాం, అక్కడ చూస్తే ఏడంతస్తుల కార్ల పార్కింగు. గడియారం వంతెన అంటాం, గడియారం ఊడి ఇరవయ్యేళ్ళు దాటింది. బాంకా పేటలో ఎవర్ని దారి అడిగినా ఇదే వరస, లేనివాటినే గుర్తులు చెప్తారు. పార్సిళ్ళు తెచ్చేవాళ్ళు ఫోను చేత్తో పట్టుకుని సందు మొదట్లో అటూ ఇటూ తిరుగుతుంటే, "ఏం నాయనా, దొరకలేదా? గానుగ పక్కనే కదా!" అని నేను కొట్లోంచి ఏడిపించేవాణ్ణి. తైపే మొత్తమ్మీద మాదే అన్నిటికన్నా పాత పేట అని మాకు కాస్త పొగరు కూడా ఉండేది.

నిజంగా ఉన్న గుర్తులు రెండే. ఒకటి నా కొట్టు. పేరు ముద్రలు చెక్కుతాను నేను. మా దగ్గర వట్టి సంతకంతో ఏ పనీ అవదు. బ్యాంకుకెళ్ళినా, ఇల్లు రాయించుకున్నా ఎర్రసిరాలో అద్దిన ముద్ర పడాల్సిందే. నలభై నాలుగేళ్ళుగా ఈ సందులో పుట్టిన ప్రతి పిల్ల పేరూ రాతి మీదో కొమ్ము మీదో తిరగేసి చెక్కింది నేనే. రెండోది నా కొట్టుకి ఎదురుగా ఉన్న నేలతాత గుడి. గుడి అనగానే గోపురాలేవో ఊహించుకోకండి. నా నడుమెత్తు ఇటుక గది, పైన ఎర్రపెంకు కప్పు, లోపల తెల్లగడ్డంతో తాత నవ్వుతూ కూర్చుని ఉంటాడు. ఈ నేల ఆయనది. మనం ఉండనిస్తే ఉంటున్నాం, అంతే. పెళ్ళి చేసినా, కొట్టు తెరిచినా, ఇంట్లో ఎవరైనా పోయినా ముందు ఆయన చెవిన వెయ్యాలి.

నా పేరు హొంగ్. ముద్రల హొంగ్ అంటే పేటలో ఎవరైనా చెప్తారు. కొట్టు కింద, కాపురం నాలుగో అంతస్తులో. లిఫ్టు లేదు. అరవై ఎనిమిది మెట్లు. ఇదంతా ఆ మెట్ల వల్లే వచ్చింది.

మా ఆవిడ సోహున్ ఆ మెట్ల మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే చేశారు, చదును నేల మీద చేతికర్రతో నడుస్తుంది. మెట్టు చూస్తే మాత్రం ఒళ్ళంతా వణుకు. ఇంక దిగడమే మానేసింది. రెండేళ్ళ నాలుగు నెలలు మనిషి నాలుగో అంతస్తులోనే ఉండిపోయింది. ఆస్పత్రికి వెళ్ళాల్సొస్తే మెట్లు దించే బండివాడు వచ్చి కుర్చీకి కట్టేసి దించుతాడు. రెండోసారి అలా దిగాక, "శవాన్ని దించినట్టు దించుతున్నాడు, చచ్చినా రాను ఇంక" అని ఏడ్చింది.

సోహున్ ఇంట్లో కూర్చునే రకం కాదండీ. ఉల్లికాడల కట్ట కొనాలంటే సంతంతా రెండుసార్లు చుట్టి, నలుగురితో పోట్లాడి, ఐదోవాడి దగ్గర కొనేది. అలాంటిది, కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట కిందికి వదిలితే కూరలామె ఏది పడేస్తే అది తినాల్సొచ్చింది. "వాడిపోయినవే పంపిస్తావేమే! నేను దిగి రాలేననే కదా నీ ధైర్యం!" అని పైనుంచి అరిచేది. కింద అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి.

ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి పైకెళ్తే, కిటికీ దగ్గర కూర్చుని గాజు మీద వేలు పెట్టి నెమ్మదిగా జరుపుతోంది. గుడి, నా కొట్టు, మంగలి షాపు, సంత గేటు.

"ఏం చేస్తున్నావే?" అన్నాను.

"నడుస్తున్నా" అంది.

నాకు రెండ్రోజులు అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే వచ్చాడు లియెన్ అనే బిల్డరు మనిషి. ముప్పై ఏళ్ళుంటాయేమో, మెడలో టై, చేతిలో పళ్ళబుట్ట. "పెదనాన్నగారూ, పాతబడ్డ ఈ ఇళ్ళన్నీ తీసేసి పన్నెండంతస్తులు కడతాం. నాలుగేళ్ళు బయట అద్దెకుంటే చాలు, అద్దె మేమే కడతాం. తిరిగొచ్చేసరికి ఎవరి ఇల్లు వాళ్ళకి కొత్తది, రెండు లిఫ్టులు" అన్నాడు. మిగతావి నాకు వినపడలేదు. లిఫ్టు అన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి.

సందులో పదహారు ఇళ్ళు. పదహారు ముద్రలూ పడితేనే పని మొదలవుతుంది, ఒక్కటి తగ్గినా లేదు. పదిహేను మంది వేసేశారు. పదహారోది కువా పెద్దమ్మ.

ఆవిడకి ఎనభై రెండు. గుడిని ఆనుకుని ఉన్న కింది ఇల్లు ఆవిడదే. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. యాభై ఏళ్ళు బియ్యప్పిండి గిన్నెల్లో పోసి ఆవిరికి ఉడికించి, పైన వెల్లుల్లి పులుసు వేసి ఇంటి ముందే అమ్మింది. సందులో మా అందరి ఎముకల్లోనూ ఆ పిండే ఉంది. అమ్మడం మానేసినా తెల్లారగానే లేచి, వేడినీళ్ళల్లో ముంచిన తుండుతో తాత మొహం తుడవడం మాత్రం మానలేదు. తుడుస్తూ తిడుతుంది కూడా. "రాత్రంతా ఏం చేశావు? కళ్ళు చూడు ఎలా ఉన్నాయో! ఆ తాగుబోతు ఘో గాడు వచ్చి సోది చెప్పాడా మళ్ళీ?" ఘో అంటే మా వార్డు పెద్ద. పాపం ఆయన పక్కనే నిలబడి ఉండేవాడు.

లియెన్ ఆవిడ దగ్గరికి పదకొండుసార్లు వెళ్ళాడు. ఒకసారి నేనూ ఉన్నాను.

"అమ్మమ్మగారూ, కొత్త ఇంట్లో మీకు పెద్ద వేడినీళ్ళ తొట్టి వస్తుంది."

"ఎందుకూ, నన్ను ఉడకబెట్టడానికా?"

"అయ్యో, అది కాదండీ. మీ మంచి కోసమే."

"నా మంచి నీకెందుకురా? నువ్వు నాకేమవుతావు? ఇదిగో, ఈ పక్కనున్న ముసలాయన సంగతేం చేస్తావో చెప్పు ముందు."

"తాతగారికి కొత్త బిల్డింగు మూల మంచి చోటిస్తాం. అప్పటిదాకా గడియారం వంతెన కింద రేకుల షెడ్డు వేయిస్తాం, ఫ్యాను కూడా పెడతాం."

"ఆయన్నడిగావా?"

లియెన్ నా మొహం చూశాడు. నేను ఆకాశం చూశాను.

"అడగండి" అంది పెద్దమ్మ. "పద్ధతి ప్రకారం అడగండి. ఆయన కదులుతానంటే నేనూ కదులుతా. మూడుసార్లు ఔనంటే అప్పటికప్పుడు ముద్ర వేస్తా. కాదన్నాడా, ఇంక నా గడప తొక్కావంటే ఉడుకునీళ్ళు పోస్తా, ఆ తొట్టిలోవే!"

ఘో పెద్ద నాలుగో నెల పదహారో రోజు ముహూర్తం పెట్టాడు. అడగాల్సింది ఆ ఏటి ధూపం పెద్ద, అంటే ఏడాదిపాటు గుడి పనులు చూసేవాడు. ఆ ఏడు ధూపం పెద్దని నేనే. రెండో నెలలో తాత పుట్టినరోజునాడు అందరి పేర్లూ చదివి, తాత జవాబు చెప్పే చెక్కలు వేస్తే, వరసగా ఆరుసార్లు ఔను వచ్చింది నా పేరుకే. తాతే ఏరి కోరి నన్ను పెట్టుకున్నాడని అప్పుడు ఎంత మురిసిపోయానో! ఇంటింటికీ తియ్యటి వేరుశనగ ఉండలు పంచాను.

ఆ ముందురోజు సోహున్ మంచం కిందనుంచి వీధి చెప్పులు తీసింది. బూజు పట్టి ఉన్నాయి. తడిగుడ్డతో తుడిచి కిటికీలో ఎండకి పెట్టింది.

"ఇంకా నాలుగేళ్ళుందే పిచ్చిదానా" అన్నాను.

"అద్దింటికి లిఫ్టు ఉన్నదే చూస్తావు కదా? అయితే నాలుగేళ్ళెందుకు, నాలుగు నెలలే" అంది. తర్వాత కాసేపాగి, "ముసలాయనా, రేపు సరిగ్గా అడుగు. ఆయన్ని ఇబ్బంది పెట్టకు. కువా అక్క మనసు కూడా చూడాలి" అంది. అలా అంటూనే చెప్పు పట్టీ సరిచేస్తోంది.

పద్ధతి ఏమిటంటే, తాత ముందు రెండు వంకచెక్కలుంటాయి. వెదురు వేరుతో చేసి ఎర్రరంగు వేసినవి, నెలవంక ఆకారం, ఒకవైపు బల్లపరుపు, ఒకవైపు ఉబ్బు. దోసిట్లో పట్టుకుని అడగాల్సింది అడిగి నేలమీద వదలాలి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే ఔనని. రెండూ వెల్లకిలా పడితే తాత నవ్వుతున్నాడని, ఏదీ తేల్చలేదని. రెండూ బోర్లా పడితే కాదని. ఇల్లూ నేలా లాంటి పెద్ద విషయానికి ఒకే ప్రశ్నకి వరసగా మూడు ఔన్లు రావాలి. కాదని వస్తే ప్రశ్న మార్చి అడగొచ్చు, అందులో తప్పు లేదు. తేదీ మారుస్తాం, చోటు మారుస్తాం, ఇంకాస్త పెద్ద పూజ చేస్తామంటాం. కానీ మూడు ప్రశ్నలే. మూడింటికీ కాదంటే ఆ ఏడు మళ్ళీ ఆ ఊసెత్తకూడదు.

ఇంకో సంగతి. అడిగేవాడు తన పేరు, పుట్టిన రోజు, ఇంటి నంబరు చెప్పుకుని, ప్రశ్నంతా పెదవుల్లోనే అనుకోవాలి. పైకి వినపడకూడదు. ఏం అడిగాడన్నది దేవుడికీ అడిగినవాడికీ మధ్య ఉండాల్సిందే. మా తాతల నాటినుంచీ అంతే. ఎవరూ దాన్ని అనుమానించలేదు, అనుమానించాలని తోచను కూడా తోచలేదు.

ఆరోజు సందంతా జనం. బత్తాయిలు, వేయించిన సోయా ముక్కలు, బూరెల్లా పొంగిన ఎర్రటి పిండివంటలు గుడి ముందు పేర్చారు. లియెన్ టై తీసేసి, చేతిలో అగరొత్తులు పట్టుకుని బుద్ధిగా నిలబడ్డాడు. కువా పెద్దమ్మ తన గడపలో కుర్చీ వేసుకుని కూర్చుంది. పొద్దున్నే తాత మొహం తుడిచి, కొత్త అంగవస్త్రం కూడా కట్టింది ఆయనకి. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను.

మొదటిది నిజాయితీగానే అడిగాను. "తాతా, నేను హొంగ్‌ని. ఈ చోటు వదిలి వంతెన కింద షెడ్డులో నాలుగేళ్ళు ఉంటావా?" చెక్కలు వదిలాను. రెండూ బోర్లా.

జనం ఉస్సురన్నారు. ఘో పెద్ద, "షెడ్డు నచ్చలేదేమో, ఇంకోలా అడుగు" అన్నాడు.

రెండోదీ నిజాయితీగానే అడిగాను. "షెడ్డు వద్దంటే మా వార్డు సంఘం గదిలో, ఏసీలో పెట్టుకుంటాం. రోజూ వేడన్నం పెడతాం. కదులుతావా?" మళ్ళీ రెండూ బోర్లా. ఒక చెక్క దొర్లుకుంటూ వెళ్ళి కువా పెద్దమ్మ కాళ్ళ దగ్గర ఆగింది. ఆవిడే వంగి తీసి నా చేతికిచ్చింది. మొహంలో విజయగర్వం ఏమీ లేదు. "ఒరే హొంగూ, ముందు కాసిని నీళ్ళు తాగరా" అంది.

నీళ్ళు తాగుతూ తలెత్తాను. నాలుగో అంతస్తు కిటికీలో సోహున్ కనపడింది. రెండు చేతులూ గాజుకి ఆనించి చూస్తోంది. పక్కన ఆ చెప్పులు.

ఇక ఒక్క ప్రశ్నే మిగిలింది. దానికీ కాదంటే ఈ ఏటికి ఇంతే. వచ్చే ఏడు లియెన్ ఇంకో సందు చూసుకుంటాడు. సోహున్ ఆ గాజు మీద వేలితో నడుస్తూ నడుస్తూ ముసలిదైపోతుంది. ఇవన్నీ నేను అనుకున్నానని ఇప్పుడంటున్నాను గాని, అప్పుడు ఏమీ అనుకోలేదు. పెదవులు వాటంతటవే కదిలాయి.

"తాతా, మా సోహున్ మళ్ళీ ఈ వీధిలో నడవాలని నీకుందా?"

ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. జనం "ఆఁ" అన్నారు. మళ్ళీ అదే అడిగాను. ఔను. మూడోసారి చెక్కలు వదిలాక కళ్ళు మూసుకున్నాను. జనం కేకలు విన్నాక గాని తెరవలేదు.

సంతోషం వెయ్యలేదని అబద్ధం చెప్పను. గుండె పగిలిపోతుందేమో అన్నంత సంతోషం వేసింది. ఘో పెద్ద నన్ను లేవదీసి కౌగలించుకున్నాడు. లియెన్ తాతకి సాష్టాంగపడ్డాడు. అంత గోలలో కువా పెద్దమ్మ కుర్చీలోంచి లేచి మెల్లగా నా దగ్గరికొచ్చింది.

"ఒప్పుకున్నాడా?" అంది.

చూసింది కదా, ఇంకా ఎందుకడగాలి? కానీ నా నోటితో వినాలనుకుంది.

"ఒప్పుకున్నాడు పెద్దమ్మా" అన్నాను.

"సరే అయితే" అంది. లోపలికెళ్ళి తన ముద్ర తెచ్చింది. గేదెకొమ్ముది, నలభై ఒక్క ఏళ్ళ కిందట నేను చెక్కిందే. గాట్లలో ఎండిన సిరా కూరుకుపోయి ఉంది. కొట్లోకి తీసుకెళ్ళి బ్రష్షుతో శుభ్రం చేశాను. కాగితం ముందు పెడితే ఆవిడ, "నువ్వే అద్దరా. నా చెయ్యి నిలవట్లేదు" అంది. అద్దాను. చక్కగా, వంకర లేకుండా, ఎర్రగా పడింది. నా పనితనం మీద నాకే అసహ్యం వేసింది.

ఆ ఏడు చివరికల్లా అందరం ఖాళీ చేశాం. కువా పెద్దమ్మ ఊరవతల లిన్‌కౌలో అన్నకూతురి దగ్గరికి వెళ్ళింది. పద్నాలుగో అంతస్తట. వెళ్ళేముందు తాతని షెడ్డులోకి తనే రెండు చేతులా ఎత్తుకుని తీసుకెళ్ళింది. "నువ్వు ఒప్పుకున్నావు గనక ఊరుకుంటున్నా, లేకపోతేనా!" అని దారంతా గొణుగుతూనే ఉంది. ఆ పక్కనే గొడుగు పట్టుకుని నడిచింది నేనే. చెప్పెయ్యాలని ఆరుసార్లు నోరు తెరిచాను. ఆరుసార్లూ మింగేశాను.

మేం నది అవతల అద్దెకి దిగాం. లిఫ్టు ఉన్న ఇల్లు. మొదటిరోజే సోహున్ ఆ చెప్పులు వేసుకుని, లిఫ్టులో బొత్తాం నొక్కి, ఒక్కర్తే కిందికెళ్ళింది. గంటన్నర రాలేదు. నేను కంగారుగా వెతుక్కుంటూ వెళ్తే, కూరలవాడితో గొంతు చించుకుని పోట్లాడుతోంది. మొహం ఎర్రగా వెలిగిపోతోంది. అంత అందంగా మా పెళ్ళిలో కూడా లేదు. ఆ రోజునుంచీ రోజూ దిగుతుంది. ఒళ్ళు చేసింది, నిద్ర పడుతోంది, పాటలు పాడుతోంది. నేను చేసిందానికి ఫలితం కళ్ళముందు తిరుగుతుంటే, చేసింది తప్పని నాకు నేను ఎలా చెప్పుకోను? తప్పు కాదని మాత్రం ఎలా చెప్పుకోను?

వసంతంలో సందు పడగొట్టారు. ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. చుట్టూ ఆకుపచ్చ రేకులు కొట్టేశారు. వాటి కంతల్లోంచి లోపలికి చూస్తే చదునుగా మట్టి. నా కొట్టు ఎక్కడుండేదో, గుడి ఎక్కడుండేదో ఎంత కొలుచుకున్నా తెలియలేదు. నలభై నాలుగేళ్ళు కూర్చున్న చోటండీ అది. నాకే తెలియలేదు.

ఎనిమిదో నెల పదహారున షెడ్డుకి వెళ్ళాను, అగరొత్తులు మార్చడానికి. ధూపం పెద్దగా నా ఏడాది అయిపోయింది గాని, వంతెన కింద షెడ్డుకెవరొస్తారని కొత్తగా ఎవర్నీ పెట్టలేదు. పనంతా నాదే అయింది. వెళ్ళేసరికి కువా పెద్దమ్మ అక్కడుంది. సగమైపోయింది మనిషి. సంచీలోంచి ప్లాస్కు తీసి, వేడినీళ్ళు తుండు మీద పోసుకుంటోంది.

"పెద్దమ్మా! లిన్‌కౌ నుంచి ఒక్కదానివే వచ్చావా?"

"రెండు బస్సులు మారి. మా పిల్లకి చెప్పలేదు. గుడికైతే ఇక్కడే వెళ్ళు, బస్సెందుకంటుంది. అక్కడా ఉందిలే ఒక గుడి, పాలరాయి, లైట్లు. ఆ తాతకి నేనెవరో తెలీదు, నాకు ఆయనెవరో తెలీదు." తుండు పిండింది. "ముందు మన సందుకి పోదామనుకున్నా. సంత దగ్గర ఒక అమ్మాయిని అడిగితే నూనెగానుగ సందా, అలాంటిది ఇక్కడేమీ లేదు బామ్మా అంది. అరవై ఏళ్ళున్నానే ఇక్కడ, నాకు చెప్తావా అని తిట్టేశాను. తర్వాత చూస్తే అది చెప్పిందే నిజం."

వంతెన మీద లారీలు పోతుంటే షెడ్డు రేకులు దడదడలాడుతున్నాయి. ఫ్యాను లేదు. తాత మొహం నిండా నల్లటి దుమ్ము. పెద్దమ్మ తుడిచిన కొద్దీ తుండు నల్లబడుతోంది. "ఇదేం బతుకయ్యా నీది" అంటోంది ఆయనతో. "ఏమని ఒప్పుకున్నావు? నాకైతే మనసు ఒప్పలేదు. నువ్వే సరేనన్నావని వెళ్ళిపోయాను. నువ్వు కాదని ఉంటే వాడి పళ్ళబుట్ట వాడి నెత్తినే బోర్లించేదాన్ని కదా."

తర్వాత నా వైపు తిరిగింది. "ఒరే హొంగూ, చెక్కలు తియ్యి. ఇక్కడ బాగుందా లేదా అడుగు ఆయన్ని. బాగాలేదంటే నేనే ఒళ్ళో పెట్టుకుని లిన్‌కౌ తీసుకుపోతా. ఎవడడ్డమొస్తాడో చూస్తా."

చెక్కలు తీశాను. దోసిట్లో పెట్టుకున్నాను. పేరు చెప్పుకోబోయాను. రాలేదు. నా పేరే నా నోటికి రాలేదండీ. చెక్కలు ఆయన ముందున్న బల్ల మీద పెట్టేశాను.

"పెద్దమ్మా, ఆయన ఒప్పుకోలేదు" అన్నాను.

"ఏంటీ?"

"ఆరోజు. మూడోసారి నేను కదులుతావా అని అడగలేదు. రెండుసార్లు అడిగాను, కాదన్నాడు. మూడోసారి ఇంకోటడిగాను."

ఆవిడ తుండు బల్ల మీద పెట్టేసింది. నన్ను కొడితే బావుండునని ప్రాణం కొట్టుకుంది. కొట్టలేదు.

"ఏమడిగావు?"

"మా సోహున్ మళ్ళీ ఈ వీధిలో నడవాలని నీకుందా అని."



"ఏ వీధిలో?" అంది.

"మన... మన సందులో."

"ఔనన్నాడా?"

"మూడుసార్లూ."

ఆవిడ తాత వైపు చూసింది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు, ఆయనకేం. "నడిచిందా మరి?" అంది.

నాకు ఏడుపొచ్చింది. అరవయ్యారేళ్ళ ముసలాణ్ణి, రేకుల షెడ్డులో చిన్నపిల్లాడిలా ఏడ్చాను. "మళ్ళీ అడుగుతాను పెద్దమ్మా. ఇప్పుడే, పైకే అడుగుతాను, నువ్వు విను. ఆరోజు అడగాల్సింది అడుగుతాను. ఒప్పుకుంటాడేమో, ఎవరికి తెలుసు" అంటూ చెక్కల కోసం చెయ్యి చాపాను.

ఆవిడ నాకన్నా ముందు తీసుకుంది.

"వద్దు" అంది. "ఇప్పుడు ఔనన్నాడనుకో, నువ్వు హాయిగా నిద్రపోతావు. కాదన్నాడనుకో, నేను ఇంకెప్పటికీ నిద్రపోను. రెండూ నాకు ఇష్టం లేదు." చెక్కలు తుండులో చుట్టి సంచీలో పెట్టుకుంది.

"అవి సంఘానివి పెద్దమ్మా" అన్నాను. ఆ సమయంలో నా నోటికొచ్చిన మాట అదీ! చెప్పుచ్చుకు కొట్టాలి నన్ను.

"సంఘాన్ని లిన్‌కౌ వచ్చి అడగమను. పద్నాలుగో అంతస్తు. లిఫ్టుంది."

తాత అంగవస్త్రం సర్ది, ప్లాస్కు మూత బిగించి బయల్దేరింది. బస్‌స్టాపు దాకా వెనకాలే వెళ్ళాను. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకోబోతే విదిలించేసింది. బస్సు కోసం బెంచీ మీద కూర్చుని, నేను అక్కడ లేనట్టే ఎదురుగా చూస్తూ ఉంది. బస్సొచ్చాక మెట్టు మీద కాలు పెట్టి ఆగింది.

"సోహున్ దిగుతోందా?"

"రోజూ దిగుతోంది పెద్దమ్మా."

"దానికి మాత్రం ఇది చెప్పకు. తెలిస్తే మళ్ళీ జన్మలో కిందికి దిగదది. నాకు తెలుసు దాని సంగతి." వెనక జనం తోస్తుంటే ఎక్కేసింది. కిటికీ పక్కనే కూర్చుంది గాని ఇటు తిరగలేదు.

నది దాటి ఇంటికెళ్ళేసరికి సోహున్ కిందే ఉంది, గేటు పక్క అరుగు మీద కూర్చుని పక్కింటావిడతో చిక్కుళ్ళు ఒలుస్తోంది. "ఇంతసేపు ఎక్కడికెళ్ళావు ముసలాయనా? నీకోసమే దిగి వచ్చా" అంది.

"తాత దగ్గరికి."

"ఎలా ఉన్నాడు ఆయన?"

"బాగున్నాడు" అని చెప్పి, సోహున్ పక్కన కూర్చుని నేనూ చిక్కుళ్ళు ఒలిచాను.